వెర్షన్ మారాక డేటాబేస్ మందగిస్తే ఏ పరీక్ష ఎంచుకోవాలి?

డేటాబేస్ సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన మర్నాడే ఫిర్యాదులు మొదలైతే చాలామందికి మొదట తోచేది ఒకటే. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఒక బెంచ్‌మార్క్ (వేగం కొలిచే నమూనా పరీక్ష) నడుపుదామని. నా దృష్టిలో అది మొదట కాదు, దాదాపు చివర చేయవలసిన పని. వెర్షన్ల మధ్య వేగంలో తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి నాలుగైదు దారులున్నాయి. వాటిలో ఒక్కొక్కటీ ఒక్కో రకం ప్రశ్నకే జవాబిస్తుంది. ప్రశ్న తేల్చుకోకుండా దారి పట్టినవాళ్లకు చివరికి గ్రాఫులు మిగులుతాయి, కారణం దొరకదు.

అందుకని ముందు లక్షణం చూడాలి. అన్ని క్వెరీలూ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) తలా కొంచెం మందగించాయా? లేక వందల క్వెరీలు ఎప్పటిలాగే నడుస్తూ ఒకటి రెండు మాత్రం పదుల రెట్లు నెమ్మదించాయా? ఈ రెండింటి మూలాలు వేరు. ఒకటి రెండు క్వెరీలే కూలబడితే ఆప్టిమైజర్ (క్వెరీని ఏ దారిలో నడపాలో నిర్ణయించే భాగం) వేరే ప్లాన్, అంటే వేరే దారి, ఎంచుకుందని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు. అన్నీ సమానంగా తగ్గితే డిఫాల్ట్ సెట్టింగులు, డిస్కు రాతల పద్ధతి, ఆపరేటింగ్ సిస్టమ్, మెషీన్ వైపు చూడాలి. ఒంటరిగా నడిపితే వేగంగా, రద్దీలో మాత్రం నెమ్మదిగా ఉంటే తాళాల (ఒకరు మారుస్తున్న డేటాను ఇంకొకరు మార్చకుండా ఆపే లాక్‌ల) దగ్గర, కనెక్షన్ల సంఖ్య దగ్గర వెతకాలి. మొదటి కొన్ని గంటలే ఇబ్బంది పెట్టి తర్వాత సర్దుకుంటే అది ఖాళీ క్యాష్ (తరచూ వాడే డేటాను మెమరీలో ఉంచే చోటు) వల్ల కావచ్చు, లేదా అప్పటికి గణాంకాలు తయారుకాకపోవడం వల్ల కావచ్చు.

వెర్షన్ పేరు మీద చెల్లుబాటయ్యే ఇతర తేడాలు

ఏ పద్ధతి ఎంచుకున్నా దానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. వెర్షన్ ఒక్కటే తేడాగా మిగిలేలా రెండు వైపులనూ సమానం చేయడం. ఇది విసుగు పుట్టించే పని. కానీ చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి.

గణాంకాలతో మొదలుపెట్టండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 18వ వెర్షన్ వచ్చేదాకా, పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మార్చే పీజీ_అప్‌గ్రేడ్ అనే సాధనం పాత సర్వర్‌లోని ఆప్టిమైజర్ గణాంకాలను కొత్తదానికి తీసుకెళ్లేది కాదు. అప్‌గ్రేడ్ అయిన వెంటనే ఎనలైజ్ (గణాంకాలు సేకరించే ఆదేశం) నడపకపోతే ఏ టేబుల్లో ఏ విలువలు ఎంత తరచుగా వస్తాయో ప్లానర్‌కు, అంటే ఆప్టిమైజర్‌కు, తెలియదు. తెలియకపోయినా ఊహించి నడుపుతుంది, ఆ ఊహ చాలాసార్లు తప్పుతుంది. ఈ పని కోసమే వాక్యూమ్‌డీబీ ఆదేశంలో దశలవారీ ఎనలైజ్ అనే ఐచ్ఛికం ఉంది. మొదటి దశలో ముతకగా త్వరగా, తర్వాతి దశల్లో పూర్తి వివరంగా గణాంకాలు సేకరిస్తుంది. 18లో ఈ గణాంకాలు కూడా వెంట వస్తున్నాయి. అయితే క్రియేట్ స్టాటిస్టిక్స్‌తో మీరు ప్రత్యేకంగా తయారు చేసుకున్న విస్తృత గణాంకాలు మాత్రం రావు, వాటికి మళ్లీ ఎనలైజ్ తప్పదు.

రెండో ఉచ్చు ఇంకా మోసకరమైనది, ఎందుకంటే ఇది మీకు నచ్చే ఫలితం చూపిస్తుంది. పాత సర్వర్‌లో ఏళ్ల తరబడి చేర్పులు, తొలగింపులు జరిగి టేబుళ్లు, ఇండెక్సులు (వరుసలను త్వరగా వెతకడానికి కట్టిన సూచికలు) ఉబ్బి ఉంటాయి. కొత్త సర్వర్‌లో మొత్తం డేటాను డంప్ (డేటా అంతా రాసిపెట్టిన ఫైలు) నుంచి కొత్తగా ఎక్కించారు. ప్రతి ఇండెక్సూ బిగుతుగా, కొత్తగా ఉంటుంది. ఇప్పుడు కొత్తది వేగంగా కనిపిస్తే ఆ ఘనత వెర్షన్‌దా, మళ్లీ ఎక్కించడానిదా? తేల్చాలంటే అదే డంప్‌ను పాత వెర్షన్‌లో కూడా తాజాగా ఎక్కించి పోల్చాలి. దీనికి తిరగేసిన సందర్భం కూడా ఉంది. పోస్ట్‌గ్రెస్ 13లో బీ-ట్రీ ఇండెక్సుల్లో ఒకే విలువను పదేపదే రాయకుండా కుదించే సౌకర్యం వచ్చింది. కానీ పీజీ_అప్‌గ్రేడ్‌తో వచ్చిన పాత ఇండెక్సులకు అది దానంతటదే అందదు, రీఇండెక్స్ చేయాలి, అంటే ఇండెక్సును మళ్లీ కట్టాలి. అలా చేయకుండా కొత్త వెర్షన్‌తో ఇండెక్సులేమీ చిన్నవి కాలేదని తీర్పు ఇవ్వడం అన్యాయం.

డేటాబేస్‌తో పాటు ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మారిందేమో చూడండి. ఇక్కడ వేగం కంటే పెద్ద ప్రమాదం ఒకటి పొంచి ఉంది. లినక్స్‌లోని జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ 2.28 వెర్షన్‌లో అక్షర క్రమ నియమాలు భారీగా మారాయి. పాత క్రమంలో కట్టిన ఇండెక్సులను కొత్త నియమాల కింద వాడితే ఉన్న వరుసలే దొరక్కుండా పోవచ్చు. అప్పుడు క్వెరీ తప్పు జవాబును వేగంగా ఇస్తుంది. వేగం పోల్చేటప్పుడు వచ్చిన వరుసల సంఖ్యను కూడా పోల్చమని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక డిఫాల్ట్‌లు. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి 8.0కు మారితే బైనరీ లాగ్ (డేటాలో జరిగే మార్పులను నమోదు చేసే ఫైలు) దానంతటదే మొదలవుతుంది. ముందు దాన్ని వాడని సర్వర్‌లో ప్రతి రాతకూ అదనపు పని చేరుతుంది. క్వెరీ క్యాష్‌ను 8.0లో పూర్తిగా తీసేశారు. పాత సెట్టింగుల ఫైలులో ఆ పంక్తి ఉంటే కొత్త సర్వర్ మొదలవనే మొదలవదు. ఎవరో ఆ పంక్తి తీసేసి సర్వర్‌ను లేపుతారు. పాత సర్వర్‌లో ఒకే క్వెరీ మళ్లీ మళ్లీ వస్తే వేగంగా జవాబు వచ్చింది ఆ క్యాష్ వల్లనేనని ఎవరికీ గుర్తుండదు. 8.4లో ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో డేటాను నిల్వ చేసే ఇంజిన్) డిఫాల్ట్‌లు చాలా మారాయి. అడాప్టివ్ హ్యాష్ ఇండెక్స్ ఆఫ్ అయింది, చేంజ్ బఫరింగ్ ఆగింది, ఐఓ కెపాసిటీ 200 నుంచి 10000కు పెరిగింది. పోస్ట్‌గ్రెస్ 18లో కొత్తగా సృష్టించే క్లస్టర్లకు (ఒక సర్వర్ నడిపే డేటాబేసుల సమూహాలకు) డేటా చెక్‌సమ్‌లు (డేటా చెడిపోతే పట్టించే తనిఖీ సంఖ్యలు) డిఫాల్ట్‌గా ఆన్ అయి ఉంటాయి. ఇవన్నీ విడుదల పత్రాల్లో రాసి ఉన్నవే. రెండు సర్వర్లలోనూ సెట్టింగులన్నీ ఫైళ్లలోకి రాసుకుని వాటి తేడా తీస్తే ఈ జాబితా మీ ముందుంటుంది.

ఒక చిన్న హెచ్చరిక: కొత్త వెర్షన్‌ను మీరే సోర్స్ నుంచి కంపైల్ చేసి ఉంటే డీబగ్ తనిఖీలు ఆన్‌లో ఉన్నాయేమో చూసుకోండి. పోస్ట్‌గ్రెస్‌ను అసర్షన్‌లతో, అంటే అలాంటి తనిఖీలతో, కట్టి, పంపిణీ ప్యాకేజీగా వచ్చిన పాత వెర్షన్‌తో పోలిస్తే ఆ అంకెలకు అర్థం లేదు.

ప్లాన్‌లు పోల్చడమా, బెంచ్‌మార్క్ నడపడమా?

కొన్ని క్వెరీలే మందగించిన సందర్భంలో నా ఓటు నిస్సందేహంగా ప్లాన్ పోలికకే. ఖర్చు తక్కువ. కారణాన్ని నేరుగా చూపిస్తుంది.

పోస్ట్‌గ్రెస్‌లో ప్లాన్‌ను చూపించే ఎక్స్‌ప్లెయిన్ ఆదేశాన్ని ఎనలైజ్, బఫర్స్ రెండు ఐచ్ఛికాలతోనూ రెండు సర్వర్లలో నడపండి. సమయం అంకెను కాసేపు పక్కన పెట్టి మొదట రెండు విషయాలు చూడండి. ఒకటి, ప్రతి దశలో ప్లానర్ అంచనా వేసిన వరుసలకూ నిజంగా వచ్చిన వరుసలకూ ఉన్న తేడా. రెండు, తాకిన బఫర్ల (క్వెరీ చదివిన డేటా పేజీల) సంఖ్య. రెండు వైపులా ప్లాన్ ఒకటే, బఫర్లూ సమానమే అయి సమయం మాత్రం పెరిగితే క్వెరీ చేసే పని మారలేదు, ఆ పనికి పట్టే సమయమే మారింది. అప్పుడు సీపీయూ, డిస్కు, కంపైలర్ వైపు వెళ్లాలి. బఫర్లు పెరిగితే పనే పెరిగింది, ప్లాన్ ఎక్కడ దారి తప్పిందో వెతకాలి. సమయం పరుగు పరుగుకూ ఊగుతుంది. బఫర్ల మొత్తం అంతగా ఊగదు. అందుకే దానిమీద నాకు నమ్మకం ఎక్కువ.

పోస్ట్‌గ్రెస్ 12ను తీసుకోండి. 2019లో వచ్చిన ఈ వెర్షన్‌లో రెండు మార్పులు కలిసి చాలామందిని తికమక పెట్టాయి. అంతకుముందు విత్ అనే మాటతో రాసిన ఉపక్వెరీని విడిగా నడిపి, ఫలితాన్ని పక్కన పెట్టుకుని, ఆ తర్వాతే ప్రధాన క్వెరీ నడిచేది. కొందరు దీన్ని ఆప్టిమైజర్‌కు అడ్డుగోడగా కావాలనే వాడుకున్నారు. 12 నుంచి ఒకేసారి ప్రస్తావించిన, పక్క ప్రభావాలు లేని, రికర్సివ్ కాని అలాంటి ఉపక్వెరీని ప్రధాన క్వెరీలో కలిపేస్తున్నారు. చాలా క్వెరీలకు ఇది మేలు చేసింది. అడ్డుగోడ మీద ఆధారపడిన వాటికి గోడ కూలింది. మెటీరియలైజ్డ్ అనే మాట చేరిస్తే పాత నడక తిరిగి వస్తుంది. రెండో మార్పు జేఐటీ కంపైలేషన్. 11లో వచ్చినా ఆఫ్‌లో ఉంది, 12లో డిఫాల్ట్‌గా ఆన్ చేశారు. అంచనా ఖర్చు 100000 దాటితే క్వెరీ భాగాలను మెషీన్ కోడ్‌గా కంపైల్ చేస్తుంది. అంచనా అనవసరంగా పెద్దదై అసలు క్వెరీ చిన్నదైతే, క్వెరీ నడిచే సమయం కంటే కంపైల్ సమయమే ఎక్కువ కావచ్చు. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ అడుగున జేఐటీ పేరుతో ఆ లెక్క విడిగా కనిపిస్తుంది. సాధారణ బెంచ్‌మార్క్ ఎంత నడిపినా ఈ రెండింటిలో ఏదీ బయటపడదు. బెంచ్‌మార్క్‌లోని క్వెరీలు అంత సాదాగా ఉంటాయి.

మైఎస్‌క్యూఎల్‌లో ప్లాన్ పోలికకు ఒక చిక్కుంది. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ 8.0.18లో వచ్చింది, 5.7లో లేదు. రెండు వైపులా ఉన్న కొలమానం కావాలంటే హ్యాండ్లర్ కౌంటర్లు వాడండి. ఫ్లష్ స్టేటస్ ఇచ్చి, క్వెరీ నడిపి, హ్యాండ్లర్ పేరుతో మొదలయ్యే స్టేటస్ విలువలు చూస్తే ఎన్ని వరుసలు ఇండెక్స్ ద్వారా చదివిందో, ఎన్ని టేబుల్ పొడవునా చదివిందో తెలుస్తుంది. 8.0కు మారినప్పుడు నేను మొదట అనుమానించేది అక్షర సమితిని. డిఫాల్ట్ అక్షర సమితి లాటిన్1 నుంచి యూటీఎఫ్8ఎంబీ4కు మారింది. పాత టేబుళ్లు పాత సమితిలోనే ఉండి కొత్తగా సృష్టించినవి కొత్త సమితిలో ఉంటే, వాటిని కలిపే జాయిన్‌లో ఒక వైపు కాలమ్‌ను ప్రతి వరుసకూ మార్చుకోవలసి వస్తుంది. అలా మార్చే వైపున్న ఇండెక్స్ పనికిరాదు. అప్‌గ్రేడ్ రోజున అంతా బాగుండి, నెలలు గడిచాక ఒక కొత్త టేబుల్ చేరగానే ఇది బయటపడుతుంది. అప్పటికి వెర్షన్ మార్పును ఎవరూ అనుమానించరు.

బెంచ్‌మార్క్‌కు న్యాయంగా దక్కవలసిన చోటు కూడా ఉంది. అన్నీ సమానంగా మందగించినప్పుడు, ప్లాన్‌లన్నీ ఒకేలా ఉన్నప్పుడు, సిస్‌బెంచ్ లేదా పీజీబెంచ్ లాంటి బెంచ్‌మార్క్ సాధనాలు నిజంగా ఉపయోగపడతాయి. కొన్ని షరతులతో. పీజీబెంచ్‌లో స్కేల్ విలువ (పరీక్ష డేటా పరిమాణం) క్లయింట్ల సంఖ్య కంటే తక్కువగా ఉంటే మీరు కొలిచేది డేటాబేస్ వేగాన్ని కాదు, ఒకే వరుసను మార్చడానికి క్లయింట్లు పడే పోటీని. పోస్ట్‌గ్రెస్‌లో చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పులను డిస్కుకు రాసే పని) గడువు డిఫాల్ట్‌గా 5 నిమిషాలు. రాతల పరీక్షను ఒక్క నిమిషం నడిపితే ఆ భారం ఒక వెర్షన్ మీద పడి రెండోదాని మీద పడకపోవచ్చు. పాతదాన్ని అన్నిసార్లూ వరుసగా నడిపి తర్వాత కొత్తదాన్ని నడపకండి, మార్చి మార్చి నడపండి. మెషీన్ వేడెక్కడం, క్యాష్ నిండటం లాంటివి అప్పుడే రెండింటికీ సమానంగా పంచబడతాయి. సగటు చూసి ఆగకండి, 99వ శాతం జాప్యాన్ని (నూటిలో 99 ఎంత సమయం లోపు ముగిశాయో) కూడా చూడండి. వినియోగదారులు ఫిర్యాదు చేసేది సగటు గురించి కాదు.

పాత నడకకు మార్చే మీట ఉందా?

ఇక్కడ ఏ డేటాబేస్ వాడుతున్నారన్నదాన్ని బట్టి సలహా పూర్తిగా మారిపోతుంది. కొన్ని డేటాబేసుల్లో కొత్త సాఫ్ట్‌వేర్ మీద పాత ఆప్టిమైజర్ నడకను తెచ్చుకోవచ్చు. అది ఉంటే పరిశోధన సగానికి సగం తగ్గుతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఈ విషయంలో అందరికంటే మేలు. 2014 వెర్షన్‌లో వరుసల సంఖ్యను అంచనా వేసే భాగాన్ని మార్చారు. డేటాబేస్ కంపాటిబిలిటీ స్థాయి (ఏ వెర్షన్‌లా నడవాలో చెప్పే సెట్టింగు) 120కి చేరితేనే కొత్త అంచనా పనిచేస్తుంది. సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేసినా డేటాబేస్ పాత స్థాయిలోనే ఉండొచ్చు. అంటే ఇంజిన్ మార్పునూ ఆప్టిమైజర్ మార్పునూ విడివిడిగా పరీక్షించవచ్చు. 2016 నుంచి క్వెరీ స్టోర్ (క్వెరీల ప్లాన్‌లనూ సమయాలనూ నమోదు చేసే సౌకర్యం) ఉంది. స్థాయి పెంచక ముందు దాన్ని ఆన్ చేసి మామూలు పనిభారం నడవనివ్వండి, తర్వాత స్థాయి పెంచండి. ఏ క్వెరీ వెనకబడిందో అదే చూపిస్తుంది, దానికి పాత ప్లాన్‌నే ఖాయం చేయవచ్చు కూడా. ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడుతూ ఇది చేయకుండా బెంచ్‌మార్క్ జోలికి వెళ్లడం నాకు అర్థం కాదు.

ఒరాకిల్‌లో ఆప్టిమైజర్_ఫీచర్స్_ఎనేబుల్ అనే సెట్టింగుకు పాత వెర్షన్ సంఖ్య ఇవ్వవచ్చు. ఒక సెషన్‌కే ఇచ్చి ఒక క్వెరీని నడిపి చూడవచ్చు. ప్లాన్‌లను నిలిపి ఉంచే ఎస్‌క్యూఎల్ ప్లాన్ బేస్‌లైన్లు 11జీ నుంచి ఉన్నాయి. 12.1లో వచ్చిన అడాప్టివ్ సౌకర్యాలు తలనొప్పి తెచ్చాక, 12.2లో వాటిని రెండు సెట్టింగులుగా విడదీసి అడాప్టివ్ గణాంకాల భాగాన్ని డిఫాల్ట్‌గా ఆఫ్ చేశారు. అంటే తయారీదారు కూడా కొన్నిసార్లు వెనక్కి తగ్గుతాడు.

మైఎస్‌క్యూఎల్‌లో వెర్షన్ మొత్తానికి మీట లేదు, ఆప్టిమైజర్_స్విచ్‌లో ఒక్కో లక్షణాన్ని ఆపవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకా తక్కువ. ఫలానా రకం జాయిన్‌ను, స్కాన్‌ను నిరుత్సాహపరిచే సెట్టింగులు, జేఐటీని ఆపే సెట్టింగు ఉన్నాయి. పాత వెర్షన్‌లా ప్రవర్తించు అనే ఆదేశం లేదు. అందుకని పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లు పాత సర్వర్ ప్రతిని కొన్నాళ్లపాటు అట్టే పెట్టుకోవడం తప్పనిసరి. తక్కిన వాళ్లకు అది మంచి అలవాటు, వీళ్లకు అదే ఆధారం.

నిజమైన పనిభారాన్ని మళ్లీ నడపడం

ఏ క్వెరీ చెడిందో ఇంకా తెలియనప్పుడు, లేదా అప్‌గ్రేడ్‌కు ముందే ప్రమాదాన్ని పసిగట్టాలనుకున్నప్పుడు ఈ దారి మంచిది. మైఎస్‌క్యూఎల్‌కు పర్కోనా టూల్‌కిట్‌లోని పీటీ-అప్‌గ్రేడ్ ఉంది. నెమ్మది క్వెరీల లాగ్ లాంటిది ఇస్తే రెండు సర్వర్ల మీద అవే క్వెరీలు నడిపి సమయాల తేడాతో పాటు ఫలితాల తేడానూ, హెచ్చరికల తేడానూ చూపిస్తుంది. ఒరాకిల్‌లో ఎస్‌క్యూఎల్ పెర్ఫార్మెన్స్ ఎనలైజర్ ఇదే పని చేస్తుంది, దానికి లైసెన్సు వేరు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్ (ఏ క్వెరీకి ఎంత సమయం పట్టిందో నమోదు చేసే ఎక్స్‌టెన్షన్) నుంచి భారమైన క్వెరీలు ఏరుకుని మీరే నడుపుకోవాలి. ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి. 13వ వెర్షన్‌లో అందులోని మొత్తం సమయం కాలమ్ పేరు మారి, ప్లాన్ సమయం, అమలు సమయం వేరుపడ్డాయి. క్వెరీ గుర్తింపు సంఖ్య పెద్ద వెర్షన్ల మధ్య ఒకేలా ఉంటుందన్న హామీ లేదు. కాబట్టి రెండు వైపులా క్వెరీ పాఠంతోనే జత కలపండి.

ఈ పద్ధతికి ఉన్న లోటు, రాసే క్వెరీలను ఒకసారి నడిపితే డేటా మారిపోతుంది. ప్రతి పరుగుకూ డిస్కు ప్రతిని మొదటి స్థితికి తేవాలి. అంత ఓపిక లేకపోతే చదివే క్వెరీలకే పరిమితం కండి.

మధ్య వెర్షన్లను జల్లెడ పట్టడం

తేడా ఎక్కడ పుట్టిందో ఖచ్చితంగా పట్టాలనుకునే వాళ్లకు ఇది. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి 16కు దూకారు అనుకోండి, 16 నెమ్మదిగా ఉంది. ముందు 13 పెట్టి చూడండి, అక్కడ బాగుంటే 14 లేదా 15. రెండు మూడు పరీక్షల్లో ఒక వెర్షన్ మీద వేలు పెట్టగలరు. ఆ వెర్షన్ విడుదల పత్రంలో ఆప్టిమైజర్ విభాగం చదివితే సగం సార్లు కారణం అక్కడే కనిపిస్తుంది. 14లో మెమొయిజ్ అనే, వచ్చిన ఫలితాలను గుర్తుంచుకునే కొత్త దశ వచ్చింది, 15లో హ్యాష్ పనులకు ఇచ్చే మెమరీ గుణకం 1 నుంచి 2కు పెరిగింది. ఇలాంటివి ప్లాన్‌లో పేరుతో సహా, లేదా మెమరీ వాడకంలో పట్టుబడతాయి.

అక్కడితో ఆగకుండా గిట్ బైసెక్ట్‌తో (సోర్స్ మార్పులను సగానికి సగం తగ్గిస్తూ వెతికే సాధనం) కమిట్, అంటే ఒకే ఒక్క మార్పు, దాకా వెళ్లడం కూడా సాధ్యమే. కానీ వెర్షన్ల మధ్య డిస్కు మీది కేటలాగు రూపం మారుతూ ఉంటుంది కాబట్టి ప్రతి అడుగులోనూ క్లస్టర్‌ను కొత్తగా సృష్టించి డేటా ఎక్కించాలి. సమస్యను రెండు మూడు చిన్న టేబుళ్లతో తిరిగి పుట్టించగలిగితే ఇది ఒక రోజు పని. మొత్తం డేటా లేకుండా పుట్టనంటే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. మీరు ఆ డేటాబేస్ తయారీలో పాల్గొనేవాళ్లు కాకపోతే వెర్షన్ దాకా వెళ్లి ఆగడం చాలు.

తేడా దొరికాక నాలుగు ఎంపికలు

క్వెరీనో ఇండెక్సునో సరిదిద్దడం నా మొదటి ఎంపిక, ఎందుకంటే తర్వాతి వెర్షన్‌కు కూడా అది చెల్లుతుంది. రెండోది, ఒక సెట్టింగును లేదా ప్లాన్‌ను ఖాయం చేయడం. ఇది తక్షణ ఉపశమనానికి బాగుంటుంది, కానీ సర్వర్ మొత్తానికి కాకుండా ఆ క్వెరీకి లేదా ఆ యూజర్‌కు మాత్రమే వర్తింపజేయండి. ఒక్క నివేదిక కోసం సర్వర్ అంతటా నెస్టెడ్ లూప్ అనే జాయిన్ పద్ధతిని ఆపేసిన చోట్ల దాని ఫలితాన్ని మిగతా వందల క్వెరీలు అనుభవిస్తాయి.

మూడోది, వెనక్కి వెళ్లడం. ఇది అనుకున్నంత సులువు కాదు. పీజీ_అప్‌గ్రేడ్‌ను లింక్ పద్ధతిలో (ఫైళ్లను కాపీ చేయకుండా పంచుకునే పద్ధతి) నడిపి కొత్త సర్వర్‌ను ఒకసారి మొదలుపెడితే పాత క్లస్టర్‌ను ఇక సురక్షితంగా వాడలేరు. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి 5.7కు అదే డేటాతో దిగడానికి మద్దతు లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కొత్త వెర్షన్ బ్యాకప్‌ను పాతదానిలో పునరుద్ధరించలేరు. వెనక్కి దారి కావాలంటే అప్‌గ్రేడ్‌కు ముందే ఏర్పాటు చేసుకోవాలి. కొత్తదాని నుంచి పాతదానికి లాజికల్ రెప్లికేషన్ (మార్పులను ఎప్పటికప్పుడు రెండో సర్వర్‌కు పంపడం) పెట్టుకోవడం అలాంటి ఒక ఏర్పాటు.

నాలుగోది, అసలు పాత వెర్షన్‌లోనే ఉండిపోవడం. దీనికి గడువుంది. పోస్ట్‌గ్రెస్ ప్రతి పెద్ద వెర్షన్‌కూ 5 ఏళ్ల మద్దతు ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్ 5.7 మద్దతు 2023 అక్టోబరుతో ముగిసింది. ఒకే ఒక్క క్వెరీ నెమ్మదించిందని భద్రతా సవరణలు ఆగిపోయిన వెర్షన్‌లో కూర్చోవడాన్ని నేను సమర్థించలేను.

కారణం కొత్త వెర్షన్‌లోని లోపమేనని తేలితే దాన్ని తయారీదారుకు తెలియజేయండి. రెండు వెర్షన్ల ప్లాన్‌లు పూర్తిగా, డిఫాల్ట్ నుంచి మార్చిన సెట్టింగులు, ఖచ్చితమైన చిన్న వెర్షన్ సంఖ్యలు, సమస్యను తిరిగి పుట్టించే టేబుళ్లు సృష్టించి డేటా నింపే స్క్రిప్టు జతచేయండి. స్క్రిప్టు తయారు చేయలేకపోతే కనీసం టేబుళ్ల నిర్మాణం, ఇండెక్సులు, ఆ కాలమ్‌ల గణాంకాలు ఇవ్వండి. నెమ్మదిగా ఉందన్న ఒక్క వాక్యానికి వచ్చే మొదటి జవాబు ఎలాగూ ఇవి పంపమనే ఉంటుంది.